చిన్నాయిన బండికి ముక్కు

మా చిన్నాయినకు ఒక టాటామొబైల్ 206 ఉంది. టాటా వాళ్ల తొలి పికప్ అది, 1988లో వచ్చింది. మన క్లాసులో ఎవరికంటే వాళ్లకన్నా వయసులో పెద్దది. దేవరకొండ దిక్కు బత్తాయి తోటల నుంచి ఒకప్పుడు గడ్డిఅన్నారం దాకా, ఇప్పుడు బాటసింగారం దాకా కాయ మోసిన బండి. ఇంట్లో ఎవరి పెళ్లయినా సామాను దాని మీదనే. పోయిన వేసవిలో శ్రీశైలం పోయి వస్తుంటే, డ్యామ్ దగ్గర్నుంచి దోమలపెంట వైపు ఎక్కే ఘాట్‌లో రేడియేటర్ మరిగి, మూతి దగ్గర ఆవిరి కొట్టి ఆగిపోయింది. వెనక డబ్బాలో నాయనమ్మతో సహా పదకొండు మందిమి. ఎండ నలభై రెండు. కోతులు తప్ప పలకరించే వాళ్లు లేరు.

నేను మెకానికల్ రెండో ఏడు. అప్పటికి యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల పాత పికప్పులు బాగా చూసి ఉన్నా. బానెట్ మీద ముక్కులాగా లేచి ఉండే గాలి తూము, అదే హుడ్ స్కూప్, పెడితే చల్లగాలి నేరుగా ఇంజిన్‌కు తగులుతుందని తీర్మానించేశా. "చిన్నాయినా, బానెట్ కోసి ముక్కు పెడదాం, ఇంక మరగదు" అన్నా. ఆయన గుట్ట దిక్కు చూసుకుంట, "ముందు నాయనమ్మకు నీడ చూడరా" అన్నడు.

ఆ రోజు నేను చెప్పింది దాదాపు అంతా తప్పు. ఎందుకు తప్పో, చివరికి ఆ బండికి ముక్కు ఎట్ల వచ్చిందో చెప్తా.

ముందు స్కూప్ అసలు దేనికో చూద్దాం. మన జిల్లాల్లో ఏ నాయకుడి కాన్వాయ్ పోయినా పాత తరం ఫార్చ్యూనర్ 3.0 ఒకటి కనిపిస్తుంది కదా, దాని బానెట్ మీద స్కూప్ ఉంటుంది. అది షోకు కాదు. టర్బో గాలిని నొక్కి పంపినప్పుడు గాలి వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఆ బండిలో సరిగ్గా ఇంజిన్ నెత్తి మీద ఉంటుంది. దాని మీదికి గాలి పోయడానికే ఆ తూము. టర్బో లేని మా 206లో చల్లార్చడానికి ఇంటర్‌కూలరే లేదు. మన దగ్గర షాపుల్లో దొరికే ప్లాస్టిక్ స్కూప్‌లైతే కింద రంధ్రం కూడా ఉండదు, డబుల్ టేప్‌తో అంటిస్తారు. అవి బండికి బొట్టుబిళ్లలాంటివి.

ఇంకో వాడకం, ఇంజిన్ పీల్చే గాలి కోసం. 1960ల చివర్లో షెవ్రొలే, పాంటియాక్ వాళ్లు దీన్ని బాగా అమ్ముకున్నారు. పాంటియాక్ వాళ్లు పెట్టిన పేరే 'రామ్ ఎయిర్', అంటే బండి వేగానికి గాలి లోపలికి దూసుకొచ్చి ఇంజిన్‌ను నింపుతుందని. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివిన సూత్రమే పెట్టి చూడండి: గాలి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. మన ఎండలో సాంద్రత ఘనమీటరుకు 1.1 కిలో అనుకుంటే, గంటకు 60 కి.మీ. వేగంలో వచ్చే ఒత్తిడి సుమారు 150 పాస్కల్. వాతావరణ పీడనం దాదాపు లక్ష పాస్కల్. అంటే అదనంగా వచ్చేది 0.15 శాతం. వందలో పోయినా 0.4 శాతం. మా 206 వందలో పోవాలంటే లారీ మీద ఎక్కించాలి.

ఇక ఘాట్‌లో బండి ఎంతలో ఎక్కుతుంది? ఇరవైలో. అప్పుడు ఒత్తిడి 17 పాస్కల్, నీళ్ల మట్టంలో చెప్పాలంటే రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. బండి ఎక్కువ మరిగేది ఎక్కడో, స్కూప్ అతి తక్కువ పని చేసేది కూడా అక్కడే. ఈ లెక్క చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అప్పటికే హాస్టల్ మొత్తానికి నా ప్లాన్ చెప్పి ఉన్నా.

ఇంకా ఘోరం ఉంది. రేడియేటర్ చల్లారేది ముందు నుంచి గాలి దూరి, ఇంజిన్ గదిలోంచి కిందికి, వెనక్కి బయటపడితేనే. ముందుకు నోరు తెరిచిన స్కూప్ పెట్టి ఇంజిన్ గదిలోకి ఉత్తగా గాలి వదిలితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, రేడియేటర్‌లోంచి రావాల్సిన గాలికి అడ్డు పడుతుంది. కిటికీలు మూసిన గదిలోకి రెండు తలుపుల నుంచీ జనం తోసుకొచ్చినట్టు. వేడి బయటికి పోవాలంటే కావాల్సింది స్కూప్ కాదు, బానెట్ ముందు భాగంలో గాలి ఒత్తిడి తక్కువున్న చోట చీలికలు, లూవర్లు.

నల్లగొండలో షెడ్డు అన్న బానెట్ ఎత్తి రెండు నిమిషాల్లో సంగతి తేల్చిండు. ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన గూడు, ష్రౌడ్, లేదు. ఎప్పుడో రిపేరులో పగిలితే తీసి పక్కన పడేశారట. అది లేకుంటే ఫ్యాన్ రేడియేటర్ గుండా గాలిని లాగదు, పక్కల్లోంచి తిరిగొచ్చిన వేడిగాలినే చిలుకుతూ ఉంటుంది. రేడియేటర్ రెక్కల మధ్య పాలమూరు ఎర్రమట్టి, పురుగులు, తోటల దుమ్ము. వెనక నుంచి ముందుకు నీళ్లు కొడితే బకెట్టెడు బురద వచ్చింది. రేకుతో కొత్త గూడు కట్టించి, థర్మోస్టాట్, ప్రెషర్ మూత మార్చినం. మళ్లీ అదే ఘాట్, అదే నాయనమ్మ. మరగలేదు.

మరి ముక్కు? నాకు పట్టుదల వదలలేదు. ఒక్క లెక్క మాత్రం నా వైపు ఉంది. ఒత్తిడితో లాభం లేదు సరే, చల్లదనంతో? బయట 42 డిగ్రీలు, ఇంజిన్ గదిలో ఫిల్టర్ మూతి దగ్గర 70 అనుకుందాం. కెల్విన్‌లోకి మార్చి భాగిస్తే బయటి గాలి దాదాపు 9 శాతం చిక్కగా ఉంటుంది. 0.15 ఎక్కడ, 9 ఎక్కడ! అయితే డీజిల్‌లో శక్తిని తేల్చేది పంపు పోసే డీజిలు. గాలి చిక్కబడితే పికప్ కొండెక్కిపోదు, నిండు లోడులో నల్లపొగ కొంత తగ్గుతుంది, అంతే. ఆ అంతే కోసమే చేసినం.

నోరు ఎంత పెద్దది కావాలి? రెండు లీటర్ల ఇంజిన్ 3000 ఆర్పీఎంలో నిమిషానికి సుమారు 2500 లీటర్ల గాలి పీలుస్తుంది. 60 కి.మీ. వేగంలో వచ్చే గాలికి 25 చదరపు సెంటీమీటర్ల రంధ్రం చాలు. అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత. మనం సినిమాల్లో చూసే తూములన్నీ దానికి పదింతలు ఉంటాయి. మేం నెమ్మది ప్రయాణం గుర్తుపెట్టుకుని దానికి రెట్టింపు పెట్టినం.

నోరు ఎటు చూడాలి అన్నదే అసలు ప్రశ్న. ముందుకు చూస్తే లారీ వెనక పోయేటప్పుడు దుమ్మంతా, వానలో నీళ్లన్నీ లోపలికే. ఇసుక దుమ్ము పిస్టన్ రింగులను ఎట్ల తింటదో మన ఊళ్ల ట్రాక్టర్ మెకానిక్‌లను అడగండి. ముందు అద్దం అడుగున గాలి గుద్దుకుని ఆగుతుంది కాబట్టి అక్కడ ఒత్తిడి ఎక్కువ. అందుకని వెనక్కి, అద్దం వైపు నోరు తెరిచిన స్కూప్ మేలు. 1969 కమారోలో షెవ్రొలే ఇచ్చిన కౌల్ ఇండక్షన్ ఇదే. నమ్మకపోతే రూపాయి ఖర్చు లేకుండా చూసుకోవచ్చు: బానెట్ నిండా ఊలు దారం ముక్కలు టేపుతో అంటించి, పక్క బండి మీంచి వీడియో తీయండి. దారాలు ఎక్కడ వాలుతున్నాయో, ఎక్కడ గిరగిరా తిరుగుతున్నాయో తెలుస్తుంది. సెలైన్ పైపును 'యు' ఆకారంలో వంచి రంగునీళ్లు పోస్తే మానోమీటర్. ఒక్కో మిల్లీమీటరు దాదాపు పది పాస్కల్.

కోత సంగతి. ఒరిజినల్ బానెట్ ముట్టుకోలేదు, పాతసామాను షాపులో ఇంకోటి కొన్నం. బానెట్ కింద అడ్డంగా ఉండే బలపు పట్టీలు కోయకూడదు, పై రేకు మాత్రమే. ఫిల్టర్ మీద తడి బంకమట్టి ముద్ద పెట్టి బానెట్ మూసి తెరిస్తే మధ్యలో ఎంత జాగా ఉందో మట్టి చెప్తుంది. కోసే చతురస్రం నాలుగు మూలల్లో ముందు డ్రిల్ వేయాలి, లేకుంటే వణుకుడికి మూల నుంచి చీలిక పాకుతుంది. అంచును రెండు సెంటీమీటర్లు పైకి మడిచినం, వాన నీళ్లకు గట్టులాగా. స్కూప్‌కు 20 గేజ్ రేకు. ఇక్కడ ఒక తప్పు చేసినం: తొందరలో ఒకే వరసగా వెల్డింగ్ లాగితే బానెట్ అప్పడంలా లేచింది. విప్పి, ఇక్కడ ఒక చుక్క, ఎదురుగా ఒక చుక్క, మధ్యలో తడిగుడ్డ. టింకరింగ్ అన్న రెండు రోజులు సుత్తితో సరిచేసి, "లప్పం తక్కువ పెట్టు బిడ్డా, మందంగా పెడితే ఎండకు పగులుతది" అన్నడు. కింద రేకు డబ్బా, దాని అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రం, అక్కడ్నుంచి ఫిల్టర్‌కు రబ్బర్ గొట్టం. వైపర్లు తగలకుండా చూసుకోవాలి, మేం రెండోసారికి చూసుకున్నం.

చట్టం గురించి కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చదివింది. అదే ఏడు సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు అని చేరింది. సరుకు బండ్లు ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్‌కు పోవాలి, అంటే ఏటా ఎవరో ఒకరు మీ బానెట్ చూస్తారు. ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగకుండా రోడ్డు మీదికి తేవొద్దు. మేం దరఖాస్తు పెట్టినం, జవాబు ఇంకా రాలేదు. అందుకే ముక్కున్న బానెట్ తోటలో తిరగడానికి మాత్రమే. రోడ్డెక్కేముందు నాలుగు బోల్టులు విప్పి చిన్నాయినా నేనూ చెరో పక్క పట్టుకుని పాత బానెట్ బిగిస్తం.

మొన్న సెలవులకు పోతే ఆ బానెట్ కొట్టంలో గోడకు ఆనించి ఉంది. స్కూప్ నోట్లో పిచ్చుక గూడు కట్టింది. చిన్నాయిన దాన్ని తియ్యనియ్యలేదు. గుడ్లు పొదిగేదాకా ఆగమన్నడు.