పాత ఫైబరు పడవకు రంగు వేయు విధము

సముద్రతీర గ్రామములలో కొయ్యతెప్పల స్థానమును నేడు చాలవరకు ఫైబరు పడవలు ఆక్రమించినవి. తూర్పు తీరమున ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు 61 దినములు యంత్రపు పడవల వేటకు విరామము. ఆ దినములలో పడవలను ఒడ్డునకు లాగి, దిమ్మెలపై నెత్తి, వానికి రంగులు వేసికొనుట వాడుక. చేతనైనవారు ఈ పనిని ఇంటి ముంగిటనే చేసికొనవచ్చును. అయితే ఇందు రంగు వేయుట కడపటి మెట్టు మాత్రమే. పది పాళ్ల శ్రమలో తొమ్మిది పాళ్లు కుంచె ముంచుటకు పూర్వమే ముగియవలెను. ఎందుచేతననగా రంగు పడవకు అందమిచ్చును గాని బలమీయదు. ఒడ్డున రంగు క్రింద దాగిన పగులు నడిసముద్రమున తెరచుకొనును. ఈ సంగతిని మనసున నుంచుకొని తక్కిన విషయమును వినవలసినదిగా కోరుచున్నాను.

ఫైబరు అనగా నేమి? గాజును కరగించి సన్నని దారములుగా లాగి, ఆ నారను చాపవలె పరచి, రెజిను అను జిగురుతో తడిపి, అచ్చులో పొరమీద పొరగా గట్టిపరచినదే ఈ వస్తువు. మిద్దె కప్పునకు ఇనుప కమ్మియు సిమెంటును ఎట్టివో, దీనికి నారయు జిగురును అట్టివి. ఇట్టి పడవలు అమెరికాలో 1940 తరువాతి సంవత్సరములలో వ్యాప్తికి వచ్చినవి. మన వైపున, 1979లో మద్రాసు కేంద్రముగా ఆరంభమైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమమువారు ఇసుకమీదికి లాగదగిన పడవలను గూర్చి ప్రయోగములు సలిపిరి. వానిలో ఫైబరు పడవలును కలవు. 2004 డిసెంబరు 26వ తేదీనాటి సునామీలో పడవలు పోగొట్టుకొనిన కుటుంబములకు తరువాత లభించిన పడవలలో అనేకములు ఫైబరువే. వానిలో ఇంకను తిరుగుచున్నవి ముసలి పడవలే యనవలెను.

ఫైబరు పడవ వెలుపలి నున్నని పొరను జెల్‌కోటు అందురు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు. లోని నారకు అదియే చర్మము. ఎండ తాకిడికి ఆ పొర సుద్దవలె పొడియై, చేతితో రాచిన తెల్లగా అంటును. ఇసుకపై లాగుటచే అడుగు భాగము అరుగును. నీటిలో చిరకాలమున్న పడవలకు మరియొక జబ్బు కలదు. తేమ మెల్లగా లోనికి దిగి, జిగురులోని కొన్ని పదార్థములను కరగించుకొని, పొర క్రింద బొబ్బలుగా లేచును. బొబ్బను పొడిచినచో పుల్లని వాసనగల నీరు కారును. కొయ్య పుచ్చినచో తరచుగా కంటికి తెలియును. ఫైబరు లోన చెడినను పైకి నిగనిగలాడుచునే యుండవచ్చును. అందుచేతనే పరీక్ష ముఖ్యము.

మొదట ఉప్పు, నాచు, గుల్లలు పోవునట్లు పడవను మంచినీటితో కడిగి ఆరనీయవలెను. పిమ్మట ఒక రూపాయి బిళ్లను చేతబట్టి, జానెడు జానెడు దూరమున పడవ అంతటను తట్టుచు పోవలెను. సంతలో కుండ కొనువారు వ్రేలితో కొట్టి చూచుట ఇట్టిదే. ఖంగుమని పలికినచోట పొరలు కలిసియున్నవి. దబ్బుమని బొద్దుగా పలికినచోట పొరలు విడినవి, లేదా లోపల నీరు చేరినది. అట్టి చోట్లను సుద్దతో గుర్తింపవలెను. సాలెగూటివలె అల్లుకొనిన సన్నని పగుళ్లు తరచుగా పైపొరతోనే ఆగును. కాని నొక్కినప్పుడు కదలు పగులు, పడవ లోపలివైపునను కనబడు పగులు, అడుగున నిలువునా సాగు వెన్ను వెంబడి పోవు పగులు, ఇవి ప్రాణాపాయ సూచకములు.

ఇంజను తగిలించు వెనుకపలకను మరింత శ్రద్ధతో చూడవలెను. పెక్కు పడవలలో ఆ పలక నడుమ కొయ్య యుండును. బోల్టుల రంధ్రముల గుండా నీరు దిగి కొయ్య కుళ్లినచో పైన ఫైబరు చర్మము మాత్రమే మిగులును. ఇంజను బరువును, తోపును మోయునది ఆ పలకయే. ఇట్టి లోపము కనబడెనా, రంగు డబ్బాను మూసిపెట్టి, పడవలు కట్టు పనివానిని పిలువవలెను. అది ఇంటిలో చేయదగిన పని కాదు.

చిన్న గాట్లను, బొబ్బలను ఇంటనే బాగుచేయవచ్చును. బొబ్బలను తెరచి, మంచినీటితో పలుమారులు కడిగి, ఆరనీయవలెను. ఇందుకు వారములు పట్టును. ఆరినదో లేదో తెలిసికొనుటకు ఒక ఉపాయము కలదు. మూరెడు ప్లాస్టికు కాగితమును నాలుగంచులు మూసి పడవకు అంటించి ఒక పగలు, ఒక రాత్రి ఉంచవలెను. దాని లోపలివైపున చెమట పట్టినచో తేమ ఇంకను కలదని గ్రహింపవలెను. తడిమీద వేసిన రంగు ఏడాది తిరుగక ముందే పొరలుగా లేచిపోవును.

ఆరిన పిమ్మట జిడ్డు తీయవలెను, ఆ తరువాతనే రుద్దవలెను. ఈ వరుస తప్పరాదు. జిడ్డు ఉండగా ఉప్పుకాగితముతో రుద్దినచో డీజిలు, చేపనూనె, మైనము గీతలలోనికి దిగి ఇక రానేరవు. సబ్బునీటితో కడిగి, థిన్నరుతో తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరక మునుపే పొడిగుడ్డతో మరల తుడువవలెను. తరువాత నీరు చల్లి చూడవలెను. నీరు ఒకే పొరగా పరచుకొనినచో పడవ శుభ్రమైనది. తామరాకుమీదివలె బొట్లుబొట్లుగా నిలిచినచో జిడ్డు పోలేదు. పిమ్మట 80వ నంబరు ఉప్పుకాగితముతోను, ఆపైన 120వ నంబరుతోను రుద్ది మెరుపు పోగొట్టవలెను. నున్నని గోడకు సున్నము అంటనట్లే మెరయు ఫైబరునకు రంగు అంటదు.

ఈ రుద్దుటలో లేచు ధూళి గాజుపొడి. అది చర్మమున దురద పుట్టించును, ఊపిరితిత్తులకు చేటు. కావున నీటితో తడుపుచు రుద్దుట మేలు. ముక్కునకు నోటికి ధూళిని ఆపు మంచి మాస్కు, కన్నులకు అద్దములు, నిండు చేతుల చొక్కా ఉండవలెను. తలగుడ్డను ముక్కునకు చుట్టుకొనుట చాలదు. పిల్లలను, గర్భిణులను ఆ చెంతకు రానీయరాదు. క్రింద టార్పాలిను పరచి, రాలిన పొడిని, పాత రంగును మూటకట్టి తీయవలెను గాని బావి వైపునకో కాలువలోనికో త్రోయరాదు. పాత అడుగు రంగులలో గుల్లలను చంపు రాగి మొదలైన విషములు ఉండవచ్చును.

గాట్లను పూడ్చుటకు నీటిమట్టమునకు క్రింద ఎపాక్సీ లప్పము వాడవలెను. గోడలకు వాడు లప్పము నీరు త్రాగి ఊడిపోవును. లప్పము గట్టిపడుటకు కలుపు హార్డెనరు పాళ్లు డబ్బామీద వ్రాసినంతయే యుండవలెను. త్వరగా గట్టిపడునని ఎక్కువ కలిపినచో పని చెడును. పాలియెస్టరు రెజినుతో పనిచేయువారు మరియొక హెచ్చరిక వినవలెను. దాని హార్డెనరు కంటబడినచో చూపు పోవచ్చును. దానిని కోబాల్టు ద్రవముతో నేరుగా కలిపినచో మంటయు ప్రేలుడును కలుగును. ఒకదానిని ముందుగా రెజినులో బాగుగా కలియబెట్టిన పిదపనే రెండవది చేర్చవలెను.

ఇక రంగు. ముందుగా ఎపాక్సీ ప్రైమరు ఒకటి రెండు పూతలు వేసి, ఆరిన పిదప 220వ నంబరు కాగితముతో తేలికగా రుద్ది, పై రంగు వేయవలెను. పాత రంగు మిగిలియున్నచో థిన్నరు గుడ్డతో రాచి చూడవలెను. కరగి గుడ్డకు అంటినచో దానిని పూర్తిగా తీయక పైన రెండు డబ్బాల రంగు వేయరాదు, ముడుతలు పడి లేచును. రెండు డబ్బాలు కలిపి వేయు పాలియురెథేను రంగు ఎండకు బాగుగా ఓర్చును. కాని దాని హార్డెనరులోని ఐసోసయనేటు అను పదార్థము ఉబ్బసము కలిగింపగలదు. దానిని ఇంటివద్ద పిచికారీతో చల్లరాదు. గాలి తగులు చోట రోలరుతో ఒకరు పూయుచుండగా వెనువెంటనే మరియొకరు కుంచె కొనతో సరిచేయుట మంచి పద్ధతి. మందమైన ఒక పూతకంటె పలుచని రెండు మూడు పూతలు మేలు. ఉదయపు తేమ ఆరిన తరువాత ఆరంభించి, సాయంకాలపు తేమ దిగక ముందే ముగింపవలెను. మండుటెండలో రంగు పరచుకొనక ముందే బిగియును గనుక పైన తాటాకు పందిరి ఉండుట ఉత్తమము.

దినదినము ఒడ్డునకు లాగు పడవకు గుల్లలను అడ్డు విషపు రంగు అక్కరలేదు. ఎండ తగిలి అవి నిలువలేవు. రేవులో నీటియందే కట్టియుంచు పడవకే అది వలయును. రిజిస్ట్రేషను నంబరును మత్స్యశాఖవారు నియమించిన రీతిగా స్పష్టముగా మరల వ్రాయింపవలెను. కడపటి పూత తరువాత సుమారు వారము దినములు పడవను ఇసుకమీద లాగకుండుట మంచిది.

విరామము ముగియు దినము దగ్గరపడిన కొలది ఇంటిలో తొందర హెచ్చును. పరీక్షను విడిచి, తేమ ఆరకయే, రెండు డబ్బాలు పూసి పడవను దింపుదమని కుర్రవారు అందురు. ఆ రెండు మాసములలో మొదటి వారముననే పడవను కడిగించి, రూపాయి బిళ్లతో తట్టించి, సుద్ద గుర్తులను స్వయముగా చూచు పెద్ద ఒక్కడు ఉన్నచో ఆ తొందర ఉండదు. పడవలో పోవువారు మన బిడ్డలే గనుక, ఈ వేసవిలో ఆ బిళ్లను పెద్దలే ముందుగా చేతబట్టుదురుగాక.