ఉద్యోగము పోయిన ఏట ఆరోగ్య పొదుపు ఖాతా లెక్క

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొలువు చేయు తెలుగువారు నేడు లెక్కకు మిక్కిలిగా ఉన్నారు. వారి తలిదండ్రులలో అనేకులు ఇచ్చటనే ఉన్నారు. అక్కడ ఉద్యోగము పోయినదన్న వార్త వచ్చినపుడు ఇంటివారు మొదట వీసాను గురించి అడుగుదురు. పిదప జీతమును గురించి. వైద్య బీమా కూడ కొలువుతో పాటు పోవుననియు, ఆ బీమాతో ముడిపడిన పొదుపు ఖాతా ఒకటి ఉండవచ్చుననియు, దాని లెక్కను మరుసటి ఏప్రిల్‌లో ప్రభుత్వమునకు ఒప్పగింపవలెననియు చాలమందికి తట్టదు.

ఈ ఖాతాను అక్కడ హెల్త్ సేవింగ్స్ అకౌంట్ అందురు. 2003 డిసెంబరులో అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ సంతకము చేసిన చట్టము వలన ఏర్పడి, 2004 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. ఇందు వేయు సొమ్ముపై కేంద్ర ఆదాయపు పన్ను లేదు. దానిపై పెరుగు రాబడికి లేదు. వైద్యమునకై తీసినపుడును లేదు. ఇట్టి ముమ్మడి మినహాయింపు ఆ దేశపు పన్ను చట్టములో అరుదు. అయితే దీనికొక షరతు గలదు. ఖాతాదారు వైద్యపు ఖర్చులో మొదటి పెద్ద భాగమును తానే భరించునట్టి బీమాలో ఉండవలెను. 2025 సంవత్సరమునకు ఆ భాగము ఒంటరివానికి కనీసము 1,650 డాలర్లు, కుటుంబమునకు 3,300 డాలర్లు. వేరొక సాధారణ వైద్య బీమా ఉండరాదు. వృద్ధులకు ప్రభుత్వము నడపు మెడికేర్‌లో చేరియుండరాదు.

ఇక్కడ గ్రహింపవలసిన ముఖ్య విషయము ఒకటి ఉన్నది. అర్హత పోయినచో ఖాతా పోదు. అది యజమానిది కాదు, ఉద్యోగిదే. వాగు ఎండినంత మాత్రమున చెరువు తూము మూసుకొనదు గదా! అట్లే, అర్హత పోయిన నెలలకు లోనికి సొమ్ము వేయు హక్కు మాత్రమే పోవును. ఉన్న సొమ్మును వైద్యమునకు తీసికొను హక్కు యథాతథముగా నిలుచును. పన్ను పత్రములో ఈ రెండింటిని వేరువేరుగా చూపవలెను. చిక్కులన్నియు ఈ రెండింటిని కలిపివేయుట వలననే పుట్టుచున్నవి.

అర్హతను నెలల వారీగా లెక్కింతురు. నెల మొదటి తేదీన తగిన బీమా ఉన్నచో ఆ నెల అంతయు అర్హమే. 2025లో ఒంటరివాని వార్షిక పరిమితి 4,300 డాలర్లు. ఒక యువకుని కొలువు జూన్ 18న పోయి, బీమా జూన్ 30తో ముగిసినదనుకొందము. అతనికి అర్హమైనవి ఆరు నెలలు. పరిమితి 4,300లో సగము, అనగా 2,150 డాలర్లు. కాని ఏడాది పొడుగున పని చేయుదునన్న నమ్మకముతో అతడు జీతము నుండి 1,500 డాలర్లు వేయించెను. యజమాని జనవరిలోనే 1,000 డాలర్లు జమ చేసెను. మొత్తము 2,500. అందులో 350 డాలర్లు అధికము. అతడు తప్పేమియు చేయలేదు. క్యాలెండరు మారినది, అంతే.

యజమాని ఇచ్చు డబ్ల్యూ-2 పత్రములో 12వ గడియందు డబ్ల్యూ అను అక్షరము ప్రక్కన ఆ 2,500 కనిపించును. జీతము నుండి పన్నుకు ముందే మినహాయించినది కూడ అందులోనే చేరియుండును గనుక, దానిని తిరిగి సొంత జమగా చూపి రెండవసారి మినహాయింపు కోరరాదు. 8889 నంబరు ఫారము మొదటి భాగములో పరిమితిని నెలల చొప్పున కట్టి చూపవలెను. పన్ను లెక్కించు యంత్రము "ఏడాది అంతయు బీమా ఉన్నదా?" అని అడిగినపుడు అలవాటుగా అవునన్నచో, ఈ 350 కనబడకుండ పోవును గాని మాసిపోదు.

ఆ 350 డాలర్లను ఇతర ఆదాయము క్రింద రిటర్నులో చూపవలెను. ఖాతాలో అట్లే ఉంచినచో, సరిదిద్దువరకు ఏటేటా నూటికి ఆరు చొప్పున, అనగా 21 డాలర్లు, 5329 నంబరు ఫారముపై చెల్లింపవలెను. రిటర్ను గడువు లోపల ఆ మొత్తమును, దానిపై వచ్చిన రాబడిని వెనుకకు తీసికొన్నచో ఆ సుంకము తప్పును. రాబడికి మాత్రము పన్ను పడును. రిటర్నును సకాలములో దాఖలు చేసినవారికి గడువు తరువాత మరి ఆరు నెలల అవకాశము గలదు. తీయునపుడు ఇది అధిక జమను సరిదిద్దుట అని ఖాతా నడపు సంస్థకు స్పష్టముగా చెప్పవలెను. ఊరక కార్డు గీకి తీసికొన్నచో అది మామూలు ఉపసంహరణ క్రింద లెక్కకు వచ్చును.

కోబ్రా అను చట్టము క్రింద పాత బీమానే సొంత ఖర్చుతో కొనసాగించినవారికి ఈ బాధ లేదు. అదే బీమా గనుక అర్హతయు సాగును. పైగా ఆ ప్రీమియమును ఈ ఖాతా నుండియే కట్టవచ్చును. మామూలుగా బీమా ప్రీమియములకు ఈ సొమ్ము పనికిరాదు. కోబ్రా, నిరుద్యోగ భృతి పొందు కాలపు బీమా వంటి కొన్నింటికే వెసులుబాటు. సర్కారు విపణిలో కొను బ్రాంజ్ తరగతి బీమాలు కూడ, 2025 జూలైలో వచ్చిన చట్టము వలన, 2026 నుండి అర్హమైనవే.

ఇంకొక గోతిని గూర్చి హెచ్చరింపవలసి ఉన్నది. డిసెంబరు 1న అర్హత ఉన్నచో ఏడాది పరిమితి అంతయు వేయవచ్చునను వెసులుబాటు గలదు. కాని మరుసటి డిసెంబరు 31 వరకు ఆ అర్హత నిలువవలెను. 2024 డిసెంబరులో క్రొత్తగా చేరి ఆ ఏటి 4,150 డాలర్లు పూర్తిగా వేసి, 2025లో బీమా కోల్పోయినవాడు, ఒక్క నెల వాటాను మించిన సుమారు 3,804 డాలర్లను 2025 ఆదాయములో కలిపి, నూటికి పది అదనపు పన్ను చెల్లింపవలెను. మరణము, అంగవైకల్యము వలన అర్హత పోయినవారికి ఇది వర్తింపదు.

మెడికేర్‌లో 65 ఏండ్లు దాటిన తరువాత చేరువారికి వేరొక చిక్కు. అందు ఆసుపత్రి భాగము ఆరు నెలల వరకు వెనుకటి తేదీతో అమలగును. దశాబ్దముల క్రిందట వెళ్లి ఇప్పటికిని కొలువులో ఉన్న మన పెద్దలు దీనిని ముందుగా చూచుకొని జమ ఆపుట మంచిది.

ఇక తూము సంగతి. సొమ్ము తీసినవారికి 1099-ఎస్‌ఏ పత్రము వచ్చును. ఆ ఏట ఒక్క డాలరు జమ లేకున్నను, వేరే ఏ కారణము చేతను రిటర్ను అవసరము లేకున్నను, 8889 ఫారము రెండవ భాగము నింపి దాఖలు చేయవలసినదే. వైద్యమునకైనచో పన్ను లేదు. ఇతర ఖర్చులకైనచో ఆదాయపు పన్నుతో పాటు నూటికి ఇరువది అదనము; 65 నిండినవారికి ఆ అదనము మాత్రము లేదు. ఖాతా తెరచిన తరువాత అయిన ఖర్చును ఎన్ని ఏండ్లకైనను రాబట్టుకొనవచ్చును గనుక, రసీదులు భద్రపరచవలెను.

స్వదేశమునకు తిరిగి వచ్చినవారు హైదరాబాదులోనో గుంటూరులోనో తమ పండ్లకు చికిత్స చేయించుకొన్నను ఈ సొమ్ము చెల్లును. వైద్యుడు వ్రాసి యిచ్చి ఇక్కడనే కొని వాడిన మందు, రెండు దేశములలోను చట్టసమ్మతమైనచో, దానికిని చెల్లును. కాని ఇక్కడ నివసించు తల్లి కంటి ఆపరేషనుకు చెల్లదు. ఆమె అమెరికా పౌరురాలు గాని, అక్కడి పన్ను చట్టము దృష్టిలో నివాసి గాని కానిచో, పోషణ భారమంతయు కొడుకుదే అయినను ఆమెను ఆశ్రితురాలిగా ఎంచరు. కార్డు మాత్రము ఆసుపత్రి యంత్రములో చక్కగా పనిచేయును. అది ఎవరి కన్ను అని అడుగదు.

కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రములు తమ రాష్ట్రపు పన్నులో ఈ ఖాతాను గుర్తింపవు. అచ్చటివారు రాష్ట్ర రిటర్నులో జమను మరల ఆదాయములో కలుపవలెను. జమల వివరము తెలుపు 5498-ఎస్‌ఏ పత్రము తరచు ఏప్రిల్ గడువు దాటిన పిదపనే చేతికి వచ్చును. దానికై ఎదురుచూడక, ఖాతా సంస్థ ఇచ్చు నెలవారీ పట్టికను, బీమా ముగిసిన తేదీ గల ఉత్తరమును దగ్గర నుంచుకొని నెలలు లెక్క కట్టవచ్చును.