ఉబ్బే చేపకి ఎంత తొట్టి కావాలి?

బెల్లంకొండలో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంటి పిల్లవాడు గుంటూరు నుంచి ఒక చేపపిల్లని తెచ్చుకున్నాడు. ఆకుపచ్చ ఒళ్లు, వీపు మీద నల్ల చుక్కలు, బొటనవేలంత చేప. దాన్ని గుండ్రటి గాజు గిన్నెలో వేశాడు. నాలుగు రోజులు చక్కగా తిరిగింది. అయిదో రోజు అడుగున పడుకుంది.

"అమ్మా, చేప తిండి మానేసిందే!" అన్నాడు.

"నీళ్లు మార్చి చూద్దాం నాన్నా" అంది తల్లి. గిన్నెలో నీళ్లన్నీ పారబోసి, కుళాయి నీళ్లు పోసింది. చేప ఇంకా డీలా పడింది.

తప్పు ఎక్కడ జరిగింది?

ఇది ఏ చేప?

దీన్ని కొట్టువాళ్లు పఫర్ అంటారు. భయపడితే నీళ్లు మింగి బంతిలా ఉబ్బుతుంది. అందుకే ఆ పేరు. ఆట కోసం దాన్ని ఉబ్బించకూడదు. గాలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి వలతో పైకి తీయకూడదు. నీళ్లతో సహా చెంబుతో ముంచి తీయాలి.

బొటనవేలంత చేప అలాగే ఉండదు. జానెడు దాకా పెరుగుతుంది.

నీళ్లలో విషం

చేప విసర్జించేదీ, మిగిలిన తిండీ నీళ్లలోనే ఉంటాయి. వాటి నుంచి అమ్మోనియా అనే విషం పుడుతుంది. అది కంటికి కనపడదు. నీళ్లు తేటగానే ఉంటాయి, చేప మాత్రం చచ్చిపోతుంది. చిన్న గిన్నెలో ఈ విషం త్వరగా పెరుగుతుంది.

ఈ విషాన్ని తినే మేలు చేసే సూక్ష్మజీవులు ఉన్నాయి. స్పాంజి ఫిల్టరు పెడితే అవి అందులో పెరుగుతాయి. కొత్త తొట్టిలో అవి పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా చేపని పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఉంచాలి. రోజూ పావు వంతు నీళ్లు మార్చాలి.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది మనకి మేలు, చేపకి కీడు. నీళ్లని ఒక రోజంతా మూత లేని తొట్టిలో ఉంచి, తర్వాత వాడాలి. ఆ తల్లి పొరపాటు ఇదే.

టేపు పట్టిన తల్లి

ఈ చేప ఒక్కదానికే సుమారు 120 లీటర్ల తొట్టి కావాలి. తల్లి కొట్టుకి వెళ్లింది.

"అన్నా, దీంట్లో ఎన్ని లీటర్లు పడతాయి?"

"నూట యాభై పడతాయమ్మా."

ఆమె సంచిలోంచి టేపు తీసింది. పొడవు 90 సెంటీమీటర్లు. వెడల్పు 30. ఎత్తు 45. మూడూ గుణించింది: 90 × 30 × 45 = 1,21,500. దాన్ని వెయ్యితో భాగించింది. 121 లీటర్లన్నర.

"నూట యాభై కాదన్నా, నూట ఇరవై ఒకటే. దానికి తగ్గ ధర చెప్పు."

కొట్టతను తగ్గించాడు. చదువు ఇలా పనికొస్తుంది.

లీటరు నీళ్లు కిలో బరువు. 121 లీటర్లంటే 121 కిలోలు. గాజు, ఇసుక బరువు కలిపితే మూడు సిమెంటు బస్తాలంత. గోడ బల్ల మీద పెడితే కూలుతుంది. గట్టి ఇనుప స్టాండు కావాలి. గాజు కింద థర్మోకోల్ షీటు పరచాలి. ఎండ తగిలే చోట పెట్టకూడదు. నీళ్లలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపాలి. కరెంటు పోయినప్పుడు మధ్యమధ్యలో చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తుండాలి. నీటికి గాలి అందుతుంది.

ఉప్పు సంగతి

ఈ చేప నదీ సముద్రమూ కలిసే చోట బతికేది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి లాంటి చోటన్నమాట. పిల్ల చేప మంచినీళ్లలో బతుకుతుంది. పెరిగేకొద్దీ ఉప్పు కావాలి. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఈ చేపకి 8 నుంచి 10 గ్రాములు చాలు. ఒకేసారి వేయకూడదు. కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా పెంచాలి. వంట ఉప్పు పనికిరాదు. చేపల కొట్లో దొరికే సముద్రపు ఉప్పు వాడాలి.

పళ్లకి పని

ఈ చేప పళ్లు చిలక ముక్కులా ఉంటాయి, బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. అరగకపోతే నోరు మూసుకుపోయి, తిండి లేక చస్తుంది. అందుకే చిన్న నత్తలు వేయాలి. పెంకు కొరుకుతుంటే పళ్లు అరుగుతాయి. మిరప, పత్తి చేల పక్కన నత్తల్ని మాత్రం ఏరి తేవద్దు. వాటిలో పురుగుమందు ఉండొచ్చు. ఇంట్లోనే వేరే తొట్టిలో నత్తల్ని పెంచుకోవాలి.

జాగ్రత్త!

ఆ ఇంట్లో అత్తగారు అడిగింది: "ఇంత తంటా ఎందుకే కోడలా? పులిచింతల నీళ్లలో వదిలేయరాదూ?"

"వద్దత్తయ్యా. అవి మంచినీళ్లు, దీనికి సరిపడవు. దీని జబ్బేదన్నా ఉంటే అక్కడి చేపలకి అంటుకుంటుంది. ఆ చేపలు పట్టుకునే బతికే ఇళ్లున్నాయిగా."

కోడలి మాట నిజం. ఇంకో మాట కూడా ఉంది. ఈ రకం చేపల్లో విషం ఉంటుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా పోదు. దానికి విరుగుడు మందు లేదు. ఎప్పుడూ తినకూడదు. చచ్చిన చేపని పెంట మీద పారేయకూడదు, కుక్కలూ కోళ్లూ తింటాయి. లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి.

వారం వారం పావు వంతు నీళ్లు మార్చాలి. తీసిన పాత నీళ్లలోనే స్పాంజిని పిండాలి. కుళాయి కింద కడిగితే మేలు చేసే సూక్ష్మజీవులు చస్తాయి.

ఇంత ఓపిక లేకపోతే ఈ చేపని తేవద్దు. తెస్తే, ముందు తొట్టి, తర్వాత చేప.

లెక్క చేయండి

ఒక తొట్టి పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లు. దీంట్లో ఎన్ని లీటర్లు పడతాయి? ఈ చేపకి చాలుతుందా? మీ ఇంట్లో నీళ్ల తొట్టిని కూడా టేపుతో కొలిచి చూడండి.