పాత వేట విల్లు, కొత్త వేట విల్లు: ఎంపిక, పరీక్ష, వాడకం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సంప్రదాయ వేట విల్లు నిర్మాణాన్ని, అది పనిచేసే తీరును వివరించగలుగుతారు.
• పాత విల్లుకు, కొత్తగా తయారైన విల్లుకు మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
• పాత విల్లు వాడకానికి పనికివస్తుందో లేదో వరుస క్రమంలో పరీక్షించగలుగుతారు.
• ఏ విల్లును వాడాలో, దేన్ని భద్రపరచాలో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

విల్లు చూడటానికి చాలా సాదా పనిముట్టు. ఒక బద్ద, ఒక నారి, అంతే. కానీ నారిని పూర్తిగా లాగి పట్టుకున్న క్షణంలో ఆ బద్దలో నిలువ ఉన్న శక్తి విలుకాడి ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. బద్ద గట్టిగా ఉంటే ఆ శక్తి బాణంలోకి వెళుతుంది. బద్ద బలహీనపడి ఉంటే విల్లు ముక్కలై, ఆ శక్తి విలుకాడి మీదికే రావచ్చు. అందువల్ల "పాత విల్లు మంచిదా, కొత్త విల్లు మంచిదా?" అనే ప్రశ్న కేవలం అభిరుచికి సంబంధించినది కాదు, భద్రతకు సంబంధించినది కూడా.

సంప్రదాయ వేట విల్లులు సేకరించి వాడే అలవాటు అమెరికాలో బలంగా ఉంది. కాబట్టి ఈ పాఠంలో ఉదాహరణలన్నీ అక్కడివే తీసుకున్నాం. "సంప్రదాయ" అన్న మాటను ఇక్కడ కప్పీలు లేని విల్లు అనే అర్థంలో వాడుతున్నాం. ఇందులో రెండు రకాలు ముఖ్యమైనవి. మొదటిది పొడవుగా, దాదాపు నిటారుగా ఉండే లాంగ్‌బో. రెండవది కొనలు లక్ష్యం వైపు వంపు తిరిగి ఉండే రికర్వ్.

2. పాత విల్లు అంటే ఏ కాలానిది?

ఆధునిక అమెరికాలో విలువేట ఆసక్తి పెరగడానికి ఒక ఆదివాసి కారణం. కాలిఫోర్నియాలోని యాహి తెగలో చివరివాడైన ఇషి 1911లో ఓరోవిల్ పట్టణం దగ్గర కనిపించాడు. విశ్వవిద్యాలయ మ్యూజియంలో నివసించిన ఆయనకు సాక్స్టన్ పోప్ అనే శస్త్రవైద్యుడు వైద్యం చేస్తూ, ఆయన దగ్గరే విల్లు తయారీ, వేట నేర్చుకున్నాడు. ఇషి 1916లో క్షయవ్యాధితో మరణించాడు. పోప్ 1923లో విలువేటపై పుస్తకం ప్రచురించాడు. పోప్, ఆయన మిత్రుడు ఆర్థర్ యంగ్ చేసిన వేటలు చాలామందిని ఆకర్షించాయి.

అలా ఆకర్షితుడైనవారిలో ఫ్రెడ్ బేర్ (1902–1988) ఒకడు. ఆయన 1933లో డెట్రాయిట్‌లో ఒక చిన్న సంస్థ ప్రారంభించాడు. 1947లో అది మిషిగన్ రాష్ట్రంలోని గ్రేలింగ్‌కు మారింది. అంతవరకు విల్లులు ఎక్కువగా యూ, ఒసేజ్ ఆరెంజ్ వంటి ఒకే కర్రతో తయారయ్యేవి. 1950 ప్రాంతం నుంచి చెక్క పొరలకు రెండు వైపులా ఫైబర్‌గ్లాస్ అతికించే పద్ధతి స్థిరపడింది. దీనివల్ల ఒకే నమూనా విల్లులను కర్మాగారంలో వేల సంఖ్యలో తయారు చేయడం సాధ్యమైంది.

1960ల చివర మరో మలుపు వచ్చింది. మిస్సోరి రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ కప్పీలతో పనిచేసే కాంపౌండ్ విల్లుకు 1966లో దరఖాస్తు చేసి, 1969లో పేటెంటు పొందాడు. 1970లలో వేటగాళ్లు క్రమంగా దానివైపు మళ్లారు. కాబట్టి నేడు సేకర్తలు "పాత విల్లు" అన్నప్పుడు ఎక్కువగా 1950 నుంచి 1970ల వరకు తయారైన ఫైబర్‌గ్లాస్ రికర్వ్‌లనే ఉద్దేశిస్తారు. అంటే వీటిలో చాలావాటికి యాభై ఏళ్లు దాటాయి.

గమనిక: ఆ కాలపు బేర్ విల్లుల బద్ద మీద పేటెంటు వివరాలతోపాటు 1953 అనే సంవత్సరం కనిపిస్తుంది. అది కెనడా పేటెంటు సంవత్సరం, విల్లు తయారైన సంవత్సరం కాదు. ఆ తరువాత చాలా ఏళ్లపాటు తయారైన విల్లులపై కూడా అదే ముద్ర ఉంది. దీన్ని తెలియక "1953 నాటి విల్లు" అని ఎక్కువ ధర పెట్టి కొనేవారు నేటికీ ఉన్నారు. కాలాన్ని నిర్ణయించడానికి పిడిలో పొదిగిన లోహపు బిళ్ళ, వరుస సంఖ్య, నమూనా ఆకారం కలిపి చూడాలి.

3. పొరల విల్లు ఎలా పనిచేస్తుంది?

విల్లులో పట్టుకునే మధ్యభాగం పిడి. దానికి పైన, కింద వంగే భాగాలు బద్దలు. లక్ష్యం వైపు ఉండే ముఖాన్ని వీపు అని, విలుకాడి వైపు ఉండే ముఖాన్ని పొట్ట అని అంటారు.

నారి లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నొక్కుకుపోతుంది. ఈ రెండు ఒత్తిళ్లను తట్టుకునేది ఫైబర్‌గ్లాస్. మధ్యలో ఉండే మేపుల్ వంటి చెక్క పొరలు రెండు ముఖాలను తగిన దూరంలో నిలబెడతాయి. అయితే బద్ద వంగిన ప్రతిసారీ ఈ పొరలు ఒకదానిపై ఒకటి జారడానికి ప్రయత్నిస్తాయి. వాటిని జారకుండా ఆపేది జిగురు ఒక్కటే. కాబట్టి విల్లు ఆయుష్షు చాలావరకు దాని జిగురు ఆయుష్షే. చెక్క ఎంత అందంగా ఉన్నా, పైపూత ఎంత మెరిసినా, జిగురు స్థితిని అవి చెప్పవు.

జిగురుకు ప్రధాన శత్రువు వేడి. ఎండలో నిలిపిన మూసిన కారులో ఒక మధ్యాహ్నం ఉంచితే చాలు, మంచి విల్లు పొరలు కూడా విడిపోవచ్చు. రెండవ శత్రువు బాణం లేకుండా నారిని వదలడం. బాణం తీసుకుపోవలసిన శక్తి అంతా అప్పుడు బద్దల్లోనే కంపిస్తుంది.

4. కొత్త విల్లులో ఏమి మారింది?

మూల సూత్రం మారలేదు. నేటి తయారీదారులు కూడా చెక్క, గాజుపొర, జిగురుతోనే పనిచేస్తున్నారు. మారినవి మూడు.

మొదటిది, బద్దల కొనలు. 1970ల వరకు నారిని ఎక్కువగా డాక్రాన్ అనే పాలియెస్టర్ దారంతో చేసేవారు. అది కొంచెం సాగుతుంది, అందువల్ల బాణం వదిలినప్పుడు కలిగే కుదుపును తానే కొంత మింగుతుంది. తరువాత వచ్చిన పాలిఇథిలీన్ దారాలు దాదాపు సాగవు. వాటివల్ల బాణం వేగం కొంత పెరుగుతుంది, కానీ కుదుపు నేరుగా కొనలకు తగులుతుంది. కొత్త విల్లుల కొనలను అదనపు పొరలతో బలపరుస్తారు. పాత విల్లులకు ఆ బలం ఉండదు. అందుచేత పాత విల్లుకు డాక్రాన్ నారి మాత్రమే వాడాలి. ఈ ఒక్క నియమం పాటించక పగిలిన పాత విల్లులు అనేకం.

రెండవది, ఎంపిక సౌకర్యం. కొత్త విల్లును మీ చేతి పొడవుకు, మీ బలానికి తగినట్లు చేయించుకోవచ్చు. బద్దలు విడదీసి మార్చుకునే రకాలు కూడా ఇప్పుడు సులభంగా దొరుకుతాయి.

మూడవది, బాధ్యత. కొత్త విల్లుకు తయారీదారు హామీ ఉంటుంది. పాత విల్లుకు హామీ ఇవ్వవలసింది మీరే, మీ పరీక్ష ద్వారా.

ఇక పాత విల్లుకు ఉన్న మేలు ఏమిటి? ఆ కాలపు మంచి నమూనాలు నేటికీ నిశ్శబ్దంగా, హాయిగా బాణం వేస్తాయి. సాధారణ నమూనాలు కొత్త విల్లు ధరలో కొంత భాగానికే దొరుకుతాయి. వీటితోపాటు, ఒక తాతగారి చేతిలో అరిగిన పిడిని మనుమడు పట్టుకోవడంలో ఉన్న తృప్తిని ఏ కొత్త విల్లూ ఇవ్వలేదు.

5. పాత విల్లును పరీక్షించే క్రమం

నారి ఎక్కించక ముందే మొదటి మూడు పరీక్షలు పూర్తి చేయండి.

(అ) కంటితో చూడటం: బద్దలను వెలుతురులో తిప్పుతూ చూడండి. పొడవు దిశలో ఉన్న సన్నని వెంట్రుక గీతలు పాత విల్లులలో సాధారణం. అవి చాలాసార్లు ప్రమాదకరం కావు. కానీ బద్దకు అడ్డంగా ఉన్న పగులు ఎంత చిన్నదైనా ప్రమాద సూచనే. అలాంటి విల్లును లాగరాదు.

(ఆ) దూదితో తడమటం: బద్ద అంచుల వెంట దూది ఉండను నెమ్మదిగా జరపండి. పోగు చిక్కుకున్న చోట గాజుపొర లేచి ఉండవచ్చు. అక్కడ గోటితో పొరల మధ్య సందు ఉందేమో చూడండి.

(ఇ) కొనలు, పిడి: నారి కూర్చునే గాడులలో చీలికలు, పిడి దగ్గర బద్ద మొదలయ్యే చోట ఖాళీలు వెతకండి. ఎవరైనా తరువాత వేసిన రంధ్రాలు, పూసిన కొత్త పూత కూడా గమనించండి. కొత్త పూత కింద పాత పగులు దాగి ఉండవచ్చు.

(ఈ) నారి ఎక్కించడం: విల్లుతో వచ్చిన పాత నారిని వాడవద్దు. తగిన పొడవుగల కొత్త డాక్రాన్ నారి తీసుకోండి. విల్లును కాళ్ల మధ్య పెట్టి వంచే పద్ధతి వల్ల బద్ద మెలి తిరుగుతుంది. దీనికోసమే తయారైన తాడు సాధనాన్ని వాడండి. ఎక్కించిన తరువాత కొన నుంచి చూస్తే నారి బద్ద మధ్యగా పోవాలి. ఒక పక్కకు జరిగితే బద్ద మెలిక పడినట్లు. స్వల్పమైన మెలికను అనుభవజ్ఞుడు సరిచేయగలడు, ఎక్కువైతే ఆ విల్లును వదిలేయాలి.

(ఉ) క్రమంగా లాగటం: నారి ఎక్కించి కొంతసేపు అలాగే ఉంచండి. తరువాత కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, ముందు కొద్ది అంగుళాలు, ఆపై కొంచెం కొంచెంగా పెంచుతూ లాగండి. నారిని ఎప్పుడూ చేతితోనే వెనక్కు తీసుకువెళ్లాలి. టిక్కుమన్న శబ్దం వినిపిస్తే వెంటనే ఆపండి.

6. ఒక ఉదాహరణ

పాత వస్తువుల దుకాణంలో మీకు 60 అంగుళాల రికర్వ్ దొరికిందనుకోండి. బద్ద మీద 45 పౌండ్లు అని ఉంది. అంటే నారిని 28 అంగుళాలు లాగినప్పుడు కావలసిన బలం 45 పౌండ్లు, సుమారు 20 కిలోలు. ఇది తయారైన నాటి లెక్క. కాలక్రమంలో కొంత తగ్గి ఉండవచ్చు కాబట్టి తూచి చూడటం మంచిది.

మీ చేతి పొడవును బట్టి మీరు 26 అంగుళాలే లాగగలరు. ఈ స్థాయి విల్లులో అంగుళానికి సుమారు 2.5 పౌండ్ల తేడా వస్తుందని అనుకుంటే, 2 అంగుళాలకు 5 పౌండ్లు తగ్గుతుంది. మీ చేతిలో ఆ విల్లు 40 పౌండ్లదే. వేటకు కనీస బలాన్ని చట్టంలో నిర్ణయించిన అమెరికా రాష్ట్రాలలో ఈ తేడా ముఖ్యం. బలం చాలని బాణం జంతువును చంపదు, గాయపరచి వదిలేస్తుంది.

బాణం బరువు కూడా లెక్కించాలి. తేలికైన బాణం బాణం లేకపోవడానికి దగ్గరి స్థితి. పాత విల్లుకు ప్రతి పౌండు బలానికి 9 నుంచి 10 గ్రెయిన్ల బరువైన బాణం మేలు. 40 పౌండ్లకు 10 చొప్పున 400 గ్రెయిన్లు, అంటే సుమారు 26 గ్రాములు.

7. వాడాలా, భద్రపరచాలా?

పరీక్షలో నెగ్గిన సాధారణ కర్మాగార విల్లును నిశ్చింతగా వాడండి. వాడిన తరువాత నారి దించి, అడ్డంగా రెండు కొయ్యల మీద చల్లని చోట ఉంచండి. మూలకు ఆనించి నిలబెడితే బద్ద మెలి తిరుగుతుంది.

కొన్నింటిని మాత్రం భద్రపరచడమే సరైనది. 1930ల నాటి ఒకే కర్ర విల్లులు ఎండి పెళుసుబారి ఉంటాయి. 1949 ప్రాంతంలో కొద్దికాలం అల్యూమినియం పొరతో చేసిన విల్లుల అతుకు నమ్మదగినది కాదు. అరుదైన నమూనాలకు కొత్త పూత వేస్తే వాటి చారిత్రక విలువ పోతుంది. మరకను తుడవండి, పూతను గీకవద్దు.

మన దేశంలో పరిస్థితి వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం, చట్టం పేర్కొన్న కొద్ది మినహాయింపులు తప్ప, రక్షిత జంతువుల వేట నిషేధం. ఇక్కడ ఈ విల్లులను లక్ష్యాభ్యాసానికి, సేకరణకు మాత్రమే పరిగణించాలి. పరీక్షా నియమాలలో మాత్రం మార్పు లేదు. గురి గడ్డిబొమ్మ మీద ఉన్నా, విరిగే విల్లు విలుకాడి చేతిలోనే విరుగుతుంది.

8. సారాంశం

పాతదనం ఒక లోపం కాదు, ఒక అర్హతా కాదు. విల్లు విలువను దాని వయస్సు కన్నా దాని ప్రస్తుత స్థితే నిర్ణయిస్తుంది. కొత్త విల్లులో ఆ స్థితికి తయారీదారు హామీ ఇస్తాడు. పాత విల్లులో మీ కన్ను, మీ గోరు, మీ ఓపిక హామీ ఇవ్వాలి. పరీక్షించే ఓపిక ఉన్నవారికి పాత విల్లు మంచి తోడు. ఆ ఓపిక లేనివారు, మొదటిసారి నేర్చుకునేవారు తక్కువ బలం గల కొత్త విల్లుతో ప్రారంభించడం ఉత్తమం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పాత విల్లుకు డాక్రాన్ నారినే ఎందుకు వాడాలి?
2. బద్ద మీద పొడవు గీతకు, అడ్డ పగులుకు తేడా ఏమిటి?
3. 28 అంగుళాల వద్ద 50 పౌండ్ల విల్లును 27 అంగుళాలే లాగితే, అంగుళానికి 2.5 పౌండ్ల చొప్పున, బలం ఎంత?

సమాధానాలు

1. డాక్రాన్ కొంత సాగి కుదుపును మింగుతుంది, బలపరచని కొనలు పగలకుండా కాపాడుతుంది.
2. పొడవు గీత చాలాసార్లు ప్రమాదకరం కాదు. అడ్డ పగులు ఉన్న విల్లును లాగరాదు.
3. 47.5 పౌండ్లు.