స్పీడు తగ్గించమని నేనే అడిగాను!

2020 జూన్. ఇంటి నుంచే పని చేసుకోమని ఆఫీసు వాళ్లు చెప్పగానే హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి ఊరొచ్చేశాను. ఇంట్లో పాత ల్యాండ్‌లైను, దాని మీదే 4 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్. బాగానే నడిచేది. బాగా నడిచేదాన్ని కెలకడం మా ఇంజినీర్ల జబ్బు కదా! వీడియో కాల్స్‌కి చాలదని 8 ఎంబీపీఎస్ ప్లానుకి మార్పించాను.

ఇక మొదలైంది. పగలంతా భేషుగ్గా ఉండేది. రాత్రి ఏడున్నరకి అమెరికా క్లయింటుతో కాల్‌లో కూర్చోగానే మోడెమ్ మీద డీఎస్ఎల్ లైటు ఆరిపోయేది. లైను మళ్లీ నిలబడేసరికి ఒక నిమిషం. మూడో వారం మేనేజర్ ఫోన్ చేసి, "ఈసారి ప్రెజెంటేషన్ ఇంకొకరితో ఇప్పిస్తాలే, ఏమనుకోకు" అన్నాడు. ప్రాజెక్టుల్లోంచి మనుషుల్ని తీసేస్తున్న రోజులవి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

"ఇంజినీరింగ్ చదివావు కదరా, ఆ డబ్బా సంగతేదో చూడు" అన్నాడు నాన్న.

సిగ్గేసి మోడెమ్ పేజీ తెరిచాను. అందులో ఎస్ఎన్ఆర్ మార్జిన్ అని ఒక అంకె. పగలు 6 డెసిబెల్స్, చీకటి పడ్డాక 2.

ఫోనులో మాట్లాడే గొంతుకి 4 కిలోహెర్ట్జ్ చాలు. అదే రాగి తీగ మీద ఏడీఎస్ఎల్2 ప్లస్ 2.2 మెగాహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది. ఆ మేరనంతా చిన్న చిన్న గదులుగా కోసి, రొద తక్కువున్న గదిలో ఎక్కువ బిట్లు, ఎక్కువున్న గదిలో తక్కువ బిట్లు వేస్తుంది. రొద హఠాత్తుగా పెరిగితే తట్టుకోవడానికి కొంత జాగా వదిలిపెడుతుంది. అదే మార్జిన్. మీడియం వేవ్ రేడియో స్టేషన్లు కూడా ఈ మేరలోనే ఉంటాయి. పొద్దుగూకితే వాటి తరంగాలు వందల కిలోమీటర్లు వెళ్తాయి. స్తంభాల మీద వేలాడే మా ఫోను తీగ వాటికి ఏరియల్ లాంటిది. దానికి తోడు పక్కింటి బోరు మోటారు వేసినప్పుడల్లా టప్‌మని ఒక దెబ్బ.

మరి పాత ప్లానులో ఈ గొడవ ఎందుకు లేదు? తీగ 7 దాకా మోయగలిగినా ఎక్స్ఛేంజ్‌లో ప్రొఫైలు 4 దగ్గర ఆపేసింది. మిగిలిందంతా మార్జినే. నేను స్పీడు అడగ్గానే ఆ కట్టు విప్పారు. అంటే లైను చెడగొట్టుకున్నది నేనే!

ఈ సెట్టింగు మన మోడెమ్‌లో ఉండదు, ఎక్స్ఛేంజ్‌లోని డీఎస్‌లామ్‌లో ఉంటుంది. లైన్‌మన్ బాబాయి వచ్చాడు. ముందు నలుపెక్కిన జాయింటు కోసి కొత్తగా కలిపాడు. ఫిల్టర్ లేకుండా పడగ్గదిలోకి లాగిన రెండో ఫోను తీగ పీకేశాడు. (అది లాగిందీ నేనే, పదో తరగతిలో.) తర్వాత, "స్పీడు కాస్త తగ్గుద్ది బాబూ, పర్లేదా?" అన్నాడు.

"తగ్గించెయ్ బాబాయ్" అన్నాను.

ఎక్స్ఛేంజ్‌కి ఫోన్ చేసి రెండు మార్పులు చేయించాడు. టార్గెట్ మార్జిన్ 6 నుంచి 9కి. 3 డెసిబెల్స్‌కి గదికో బిట్టు పోతుంది. 200 గదులు, సెకనుకి 4000 సార్లు... 8 లక్షల బిట్లు, అంటే 0.8 ఎంబీపీఎస్ పోయినట్టే. రెండోది, చానల్ ప్రొఫైలుని ఫాస్ట్ నుంచి ఇంటర్‌లీవ్‌డ్‌కి. ఇందులో డేటాని పేకముక్కల్లా కలిపి పంపుతారు. మోటారు దెబ్బ పడినా ఒక్కో కట్టలో ఒకటో రెండో ముక్కలే పాడవుతాయి, వాటిని మోడెమ్ సరిచేసుకుంటుంది. అలా కలిపి విడదీయడానికి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం. ఆన్‌లైన్ గేములు ఆడేవాళ్లు తిట్టుకుంటారు గానీ, నా కాల్స్‌కి తేడానే తెలియలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి లైనే ఉంటే, అది పడిపోయే వేళకి ఆ మార్జిన్ అంకె చూసి రాసిపెట్టుకోండి. "నెట్ రావట్లేదు" అనే కంప్లైంటు కన్నా లైన్‌మన్‌కి అదే ఎక్కువ పనికొస్తుంది.

ఆ రాత్రి మోడెమ్‌లో 6.4 చూపించింది. ఏడున్నరకి కాల్ మొదలైంది. ఎనిమిదింటికి పక్కింటివాళ్లు మోటారు వేశారు. నాన్న నా వెనకాల నిలబడి, నాకన్నా ఎక్కువగా ఆ లైటునే చూస్తున్నాడు. అది ఆరలేదు. కాల్ అయిపోగానే ఎప్పటిలాగే స్విచ్ కట్టేశాడు. కరెంటు దండగట.