గోడలో చప్పుడెందుకు వస్తుంది?

రాత్రిపూట గోడలో టకటక వినబడితే చాలామంది దయ్యమంటారు. గోదావరిఖనిలో మా ఇంట్లో ఎండాకాలం సెలవుల్లో ఇట్లనే వినబడింది. బాయిల చనిపోయినోళ్ళ ఆత్మ అని చుట్టుపక్కలోళ్ళన్నరు. అమ్మ భయపడి తమ్ముళ్ళను ఆ అర్రలో పండనియ్యలేదు. బొగ్గుబాయిల పనిచేసే మా బాపు మాత్రం "ముందు వేళ, చోటు చూద్దాం" అన్నడు.

వేళ: ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ పగలు చేస్తారు. అప్పుడు ఇల్లంతా ఒక్కసారి అదిరి గిన్నెలు మోగుతాయి. ఇంటిపై రేకులు ఎండకు వ్యాకోచించి, చీకటిపడ్డాక చల్లబడి ముడుచుకుంటూ టిక్కుమంటాయి. కాసేపటికి ఆగుతాయి. ఎలుకైతే గీకుతుంది. మా చప్పుడు నడిరాత్రి కూడా, తలుపు వేసినప్పుడల్లా ఎక్కువగా వచ్చేది.

చోటు: గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఇటుకలో, కర్రలో ఎన్నో రెట్లు వేగం. అందుకే గోడంతా మోగినట్టుంటుంది. స్టీలు గ్లాసు గోడకానించి, అడుగున చెవి పెట్టి జానెడు జానెడు జరిగినం. దర్వాజ దగ్గర చప్పుడు పెద్దగయ్యింది.

బాయిలో పైకప్పును కర్రతో తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టి, దబ్బుమంటే డొల్ల. బాపు దర్వాజను అట్లనే తట్టిండు. డొల్ల! వెంటనే లోపల టకటక మొదలైంది. ఉలితో చెక్కితే చెదలు. వాటిలో సిపాయి పురుగులుంటాయి. అలికిడైతే తలలు కర్రకేసి కొట్టి మిగతావాటిని హెచ్చరిస్తాయి. గోడ బరువంతా ఆ పుచ్చిన దర్వాజ మీదనే ఉంది. తెల్లారి దిమ్మెలు ఆనించి, కొత్త దర్వాజ పెట్టించినం.

మన హాస్టల్లో చప్పుడొస్తే దుప్పటి ముసుగేసుకోకండి. వేళ, చోటు రాసుకొని వార్డెన్ సార్‌కు చెప్పండి.