రోడ్డు ఎలా ఉంటే రేసు అలా

జపాన్‌లో వీధి రేసుల కుర్రకారును ‘హషిరియా’ అంటారు. పరుగే పనిగా పెట్టుకున్నవాళ్లని అర్థం. 1980లు, 90లలో అర్ధరాత్రి దాటాక వీళ్లు మూడు రకాల రోడ్లెక్కేవారు. రోడ్డు తీరును బట్టి రేసు తీరు, దాన్ని బట్టి కారు మారిపోయేవి.

మొదటిది టోక్యో నడిబొడ్డున గుండ్రంగా తిరిగే సీ1 ఎక్స్‌ప్రెస్‌వే. సుమారు 15 కిలోమీటర్లు. 1964 ఒలింపిక్స్ ముంచుకొస్తున్నాయి, ఇళ్లు ఖాళీ చేయించి స్థలం సేకరించే వ్యవధి లేదు. దాంతో చాలాచోట్ల నదుల మీద, కాలువల మీద స్తంభాలు లేపి రోడ్డు వేసేశారు. నీళ్లు ఎటు మళ్లితే రోడ్డూ అటే మళ్లింది. గింజా దగ్గరైతే కాలువను ఎండగట్టి దాని అడుగునే తారు పోశారు. పాత వంతెనల స్తంభాలు దారి మధ్యలోనే మిగిలాయి. పక్కపక్కనే వచ్చే రెండు కార్లు అక్కడ చెరోవైపు చీలిపోవాలి. ఎటు పోవాలో క్షణం ముందే తేల్చుకోకపోతే ఎదురుగా కాంక్రీటే. అక్కడ వేగ పరిమితి గంటకు 50 కిలోమీటర్లు. అప్పట్లో దూరంతో నిమిత్తం లేకుండా ఒకటే టోలు కాబట్టి, ఒకసారి కట్టి ఎక్కితే ఎన్ని చుట్లైనా కొట్టొచ్చు. అందుకే రూలెట్ చక్రంలా తిరిగే ఇక్కడివాళ్లకు ‘రూలెట్ ముఠా’ అని పేరొచ్చింది.

రెండోది వాంగన్. టోక్యో అఖాతం అంచున సాగే వెడల్పాటి, దాదాపు తిన్నని దారి. ఇక్కడ మలుపుల నేర్పుతో పని లేదు, ఇంజిన్ బలమే లెక్క. జపాన్ కంపెనీలు 1989 నుంచి 2004 దాకా 280 హార్స్‌పవర్ దాటకూడదని తమలో తాము కట్టుబాటు పెట్టుకున్నాయి. వేగం గంటకు 180 కిలోమీటర్ల దగ్గర ఆగేలా లిమిటర్లూ బిగించాయి. ట్యూనింగ్ మెకానిక్‌లు వాటిని తీసేసి, టర్బోలు మార్చి, స్కైలైన్ జీటీ-ఆర్ లాంటి కార్లను 300 దాటించడానికి పోటీపడ్డారు. అదే దారిలో సరకు లారీలు 80లో వెళ్తుంటాయి. 300లో వచ్చే కారుకు 300 మీటర్ల అవతల లారీ వెనక దీపం కనిపిస్తే, దాన్ని చేరడానికి పట్టేది ఐదు సెకన్లు. లారీ డ్రైవరు ఈ పందెంలో లేడు. ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద అన్యాయం అదే.

మూడోది ‘తోగే’, అంటే కొండ కనుమ, మన ఘాట్ రోడ్డు. దారి ఇరుకు కాబట్టి పక్కపక్కన పరుగు కుదరదు. ఒకరు ముందు, ఒకరు వెనక. ముందువాడు దూరం పెంచితే గెలుపు అతనిది; వెనకవాడు వదలకుండా అంటుకునే వస్తే లేదా దాటేస్తే అతనిది. తేలకపోతే స్థానాలు మార్చుకుని మళ్లీ దిగుతారు. దిగుడులో బలం కన్నా తేలికదనమే అక్కరకొస్తుంది. 1983లో వచ్చిన టొయోటా ఏఈ86 ఇంజిన్ 1.6 లీటర్లే, అయినా వెనక చక్రాలతో నడిచే తేలికపాటి కారు కావడంతో కనుమలకు సరిగ్గా సరిపోయింది.

కెయిచి త్సుచియా అనే రేసు డ్రైవరు ఉసుయి కనుమలో సాధన చేసి, వెనక చక్రాలు జారుతుండగానే కారును మలుపు తిప్పే డ్రిఫ్టింగ్‌కు పేరు తెచ్చాడు. కనుమలో అతని డ్రిఫ్టింగును చిత్రించిన ‘ప్లస్‌పీ’ వీడియో 1987లో వచ్చింది. దానివల్ల అతని లైసెన్స్ కొంతకాలం సస్పెండ్ అయింది. 1995లో మొదలైన ‘ఇనిషియల్ డి’ కామిక్స్ ఈ లోకాన్ని ఇంటింటికీ చేర్చింది. అందులో హీరో టోఫు డెలివరీ చేసే కుర్రాడు, అతని బండి ఏఈ86.

తర్వాత చట్టం పట్టు బిగిసింది. ప్రమాదకరమైన డ్రైవింగుతో ప్రాణం తీస్తే ప్రత్యేక నేరమని 2001లో చట్టం వచ్చింది. అదే ఏడాది డ్రిఫ్టింగుకు ‘డీ1 గ్రాండ్ ప్రీ’ పేరుతో సర్క్యూట్ల మీద సిరీస్ మొదలైంది. 2012లో టోక్యో ఎక్స్‌ప్రెస్‌వే టోలు దూరాన్ని బట్టి కట్టే పద్ధతికి మారింది. యొకొహామా దగ్గరి దైకోకు పార్కింగ్‌లో కార్ల ప్రియులు ఇప్పటికీ బానెట్లు ఎత్తి ఇంజిన్లు చూపించుకుంటారు. జనం మరీ పెరిగితే పోలీసులు దాన్ని మూసేస్తారు. ‘ఇనిషియల్ డి’లోని అకినా కొండకు మూలమైన హరునా దిగుడులో, మలుపుల దగ్గర తారు మీద అడ్డంగా గట్లు పోశారు. జారబోయిన టైరు వాటి మీద ఎగిరెగిరి పడుతుంది.